మధ్యాహ్నం పడుకుంటే షుగర్ వస్తుందా? మా బావ సంగతి చెప్తాను

"మా నాన్నగారికి 58 ఏళ్లు. రోజూ భోజనం చేసి రెండు గంటలు పడుకుంటారు. పగటి నిద్ర వల్ల షుగర్ వస్తుందని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. నిజమేనా? ఈ అలవాటు ఎలా మాన్పించాలి?" అని అడిగారు కదా.

మాన్పించకండి. ఆయన ఎందుకు పడుకుంటున్నారో ముందు కనుక్కోండి.

నేను డాక్టర్ని కాదు. శ్రీకాకుళంలో ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని. కానీ మధ్యాహ్నం రెండింటికి ఈ జిల్లాలో ఎవరు పడుకుంటారో, ఎవరు మేలుకుని ఉంటారో నాకు తెలిసినంతగా ఏ డాక్టరుకీ తెలియదు. తలుపు కొట్టి తిట్లు తినేది నేనే. పాలసీ కోసం జనాన్ని ల్యాబ్‌కి తీసుకెళ్లేది కూడా నేనే కాబట్టి ఎవరి షుగర్ ఎంతో కూడా కాస్త తెలుస్తూ ఉంటుంది. రోజూ కునుకు తీసి నిక్షేపంగా ఉన్నవాళ్లని చూశాను. పగలు కన్ను మూయని మనిషికి మూడొందలు దాటడం కూడా చూశాను. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే చెప్పింది. వాళ్లందరికీ మధ్యాహ్నం పడుకునే తీరిక దొరికిందంటారా?

అలాగని మీకొచ్చిన మెసేజ్ పూర్తిగా అబద్ధం కాదు. టోక్యో విశ్వవిద్యాలయం వాళ్లు అంతకుముందు జరిగిన 21 పరిశోధనలని కలిపి, 3 లక్షలకు పైగా మనుషుల లెక్క చూసి, 2016లో ఫలితం చెప్పారు. పగలు గంట దాటి పడుకునేవాళ్లలో టైప్ 2 షుగర్ దాదాపు 45 శాతం ఎక్కువ కనిపించింది. 40 నిమిషాల లోపు కునుకుకి అలాంటి తేడా ఏమీ లేదు. మెసేజ్ రాసినవాడు మొదటి ముక్క రాసి రెండోది మింగేశాడు. ఇంకో సంగతి, 45 శాతం అంటే పడుకునే వందమందిలో 45 మందికి వస్తుందని కాదు. పడుకోని వందలో పదిమందికి వస్తుందనుకుంటే, పడుకునే వందలో పద్నాలుగో పదిహేనో అని. అది కూడా పడుకోవడం వల్లే వచ్చిందని ఆ లెక్క తేల్చలేదు. రెండూ ఒకే మనిషిలో కనిపించాయి, అంతే. ఏది ముందు, ఏది వెనక అన్నది మా బావ విషయంలో నేను దగ్గరుండి చూశాను.

మా అక్కని ఇచ్చింది మా జిల్లాలోనే ఉద్దానం ప్రాంతంలో, కవిటి దగ్గర. వాళ్లది కొబ్బరి తోట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు సగం చెట్లు నేలకూలాయి. అప్పటినుంచి బావకి తోటలో పని తగ్గింది, ఒళ్లు పెరిగింది. మధ్యాహ్నం అన్నం తినడం, మిగిలిన చెట్ల నీడలో నులకమంచం వాల్చడం, పొద్దు వాలేదాకా లేవకపోవడం. మా అక్క అత్తగారు రోజూ అదే పాట. "మొగోడు పగలు తొంగుంటే ఇంట్లో లచ్చిమి నిలస్తాదేటి?"

ఈలోగా ఆయన రాత్రిళ్లు ఒంటేలుకి పదేపదే లేవడం మొదలుపెట్టాడు. ఉద్దానంలో ఆ మాట బయటికొస్తే ఇల్లంతా బిగుసుకుపోతుంది. అక్కడ ఏ వీధికి వెళ్లినా కిడ్నీలు పోయినవాళ్లు ఉంటారు. షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా కిడ్నీలు దెబ్బతినడం ఆ ప్రాంతం ఖర్మ. నీళ్లా, ఎండా, పురుగుమందులా, కారణం ఇంకా తేలలేదు. అందుకని పరుగు పరుగున పలాస వెళ్లి క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, చేయించారు. నార్మల్ వచ్చింది. ఇంటిల్లిపాదీ అమ్మవారి గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చారు. క్రియాటినిన్ బాగుంటే మనిషి బాగున్నట్టే అక్కడ లెక్క. రక్తం తీసినప్పుడే షుగర్ కూడా చూడమని అడిగినవాళ్లు లేరు, చూద్దామన్నవాళ్లూ లేరు.

తర్వాత కొన్నాళ్లకి బావ నా దగ్గర పెద్ద పాలసీ తీసుకుంటానన్నాడు. వయసుని బట్టి వైద్య పరీక్షలు అడిగారు. పరగడుపున రమ్మంటే తెల్లవారకముందే సోంపేటలో బస్సెక్కి, టెక్కలి తెలియకుండా, నరసన్నపేట తెలియకుండా నిద్రపోయి, శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో కండక్టర్ లేపితే దిగాడు. ల్యాబ్‌లో టోకెన్ తీసుకుని కుర్చీలో కూర్చున్నాడో లేదో మళ్లీ గురక. అందరూ నవ్వుకుంటున్నారు. పక్క కుర్చీలో ముసలామె మాత్రం నవ్వలేదు. కాసేపు అలాగే చూసి నన్ను పిలిచింది. "బాబూ, ఈ బాబుకి ఊపిరి ఆగాగి వస్తన్నాది, సూడు" అంది. నిజమే. గురక ఉన్నట్టుండి ఆగిపోతోంది. ఛాతీ కదులుతోంది గానీ శబ్దం లేదు. కొంతసేపటికి ఎవరో గొంతు వదిలినట్టు పెద్దగా గాలి పీల్చి, ఒక్క క్షణం కళ్లు తెరిచి, మళ్లీ పడిపోతున్నాడు.

రిపోర్టు వచ్చింది. పరగడుపు షుగర్ 194. మూడు నెలల సగటు చెప్పే ఏ1సీ చేయిస్తే 8.9. పరగడుపున 126కి చేరినా, ఏ1సీ 6.5కి చేరినా షుగర్ కిందే లెక్క. పాలసీ వాయిదా పడింది. నా కమిషన్ కూడా దాంతోపాటే పోయింది, అది వేరే కథ. ఏడాదంతా ఎండలో తిరిగే ఏజెంటు కష్టం గురించి ఎవరూ ప్రశ్న అడగరు.

అక్కనీ బావనీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అక్క వెళ్లీ వెళ్లగానే మధ్యాహ్నం నిద్ర మీద ఫిర్యాదు పెట్టింది. డాక్టరుగారు అదంతా విని, "పగటి సంగతి తర్వాతమ్మా, రాత్రి నిద్ర ఎలా ఉంటుంది?" అన్నారు.

"తొమ్మిదికే పడుకుంటారండి. ఇల్లెగిరిపోయే గురక."

"గురక మధ్యలో ఆగుతుందా?"

"ఆగుతాదండి. ఆగినప్పుడే నాకు మెలకువ వస్తాది."

ఆయన చెప్పినదాని సారం ఇది. రక్తంలో షుగర్ 180 ప్రాంతం దాటితే కిడ్నీలు దాన్ని ఒంటేలులోకి వదులుతాయి. అది తనతోపాటు నీళ్లనీ లాక్కుపోతుంది. అందుకే రాత్రిళ్లు లేవడం. ఇక బావకి నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతోంది. ఆక్సిజన్ పడిపోయినప్పుడల్లా శరీరం ఉలిక్కిపడి లేస్తుంది, ఆ మనిషికి లేచినట్టు కూడా తెలియదు. ఇలా రాత్రంతా టెన్షన్‌లో ఉండే శరీరంలో కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరిగి ఇన్సులిన్ సరిగా పనిచేయదు, షుగర్ ఇంకా పెరుగుతుంది. నిద్రలో ఇలా ఊపిరి ఆగాగి రావడాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. బావ పగలు పడుకున్నది బద్ధకంతో కాదు, రాత్రి బాకీ తీర్చుకోవడానికి.

విశాఖలో ఒక రాత్రి ఒళ్లంతా వైర్లు పెట్టి పరీక్ష చేశారు. ఆప్నియా అని తేలింది. రాత్రిళ్లు సీప్యాప్ మెషిన్ (మాస్కు ద్వారా గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసేది) పెట్టుకోమన్నారు, షుగర్‌కి మాత్రలిచ్చారు, బరువు తగ్గమన్నారు. ఆ మాస్కు పెట్టుకుంటే బావ జీడితోటకి మందు కొట్టడానికి బయల్దేరినవాడిలా ఉంటాడు. కొన్ని రాత్రులు తీసి పక్కన పడేస్తాడు కూడా. అయినా పెట్టుకున్న మర్నాడు మంచం వాల్చే పని ఉండటం లేదు. ఎవరూ మాన్పించకుండానే మధ్యాహ్నం నిద్ర తగ్గిపోయింది. అత్తగారు మాత్రం తను తిట్టడం వల్లే మారాడని ఊరంతా చెప్పుకుంటోంది.

ఇక కునుకు గురించి నా అభిప్రాయం. మే నెలలో మా వైపు మిట్టమధ్యాహ్నం మెలకువగా ఉండమనేవాడు ఒకసారి వచ్చి ఉండి చూడాలి. వేసవిలో పగటి నిద్ర ఫర్వాలేదని ఆయుర్వేదమే ఒప్పుకుంది. భావనపాడులో వేట నుంచి తెల్లారి వచ్చిన మత్స్యకారుడు పగలు పడుకుంటే అదే అతనికి రాత్రి. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్టు చేసే కుర్రాళ్లదీ అంతే. వాళ్లకి ప్రమాదం ఉన్నది పగటి నిద్రలో కాదు, రాత్రి మెలకువలో, అర్ధరాత్రి రెండింటికి తినే బిర్యానీలో. ఆ వేళ శరీరం అన్నాన్ని పగటిలా సర్దుకోలేదు. నేను కూడా మధ్యాహ్నం మూడు గంటల లోపల కుర్చీలోనే ఓ ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుంటాను. అంతకుమించితే నిద్ర లోతుకు వెళ్లి, లేచాక తల దిమ్ముగా ఉంటుంది.

అసలు తప్పు నిద్ర కంటే ముందు కంచంలో జరుగుతోంది. గుట్టలా అన్నం పెట్టుకుని, పప్పుతో ఒకసారి, పులుసుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి తిని, కదలకుండా వాలిపోతే షుగర్ పెరగక ఏం చేస్తుంది? తిన్నాక పావుగంట నడిచి అప్పుడు పడుకోమనండి. ఈమధ్య రోడ్డు పక్క చోడి (రాగి) అంబలి తాగితే షుగర్ రాదని ఇంకో పిచ్చి పట్టుకుంది. అంబలి మంచిదే, కాదనను. కానీ పదకొండింటికి రెండు గ్లాసులు తాగి, ఒంటిగంటకి అదే గుట్ట అన్నం తింటే లాభమేమిటి? చోళ్లలో కూడా ఉన్నది పిండిపదార్థమే కదా.

మీ నాన్నగారికి పరగడుపు షుగర్, ఏ1సీ చేయించండి. గురక పెడతారా, మధ్యలో ఆగుతుందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు అన్నవి ఆయన్ని అడగొద్దు, మీ అమ్మగారిని అడగండి. పడుకున్న మనిషికి తన గురక ఏం తెలుస్తుంది?

అన్నట్టు, మీ ప్రశ్నలో అమ్మగారి ఊసే లేదు. నేను తలుపు కొట్టిన ఇళ్లలో మంచం మీద ఉండేది మగవాళ్లు. తలుపు తీసేది చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చిన ఆడవాళ్లు. మా అక్క బావ గురక ఆగినప్పుడల్లా లేచి, తెల్లారి నాలుగున్నరకి మళ్లీ లేచి, మధ్యాహ్నం ఒక్క కునుకు తీయదు. తక్కువ నిద్రకి కూడా షుగర్ ముప్పు ఉంది, దాని మీద మాత్రం ఎవరూ మెసేజ్‌లు పంపరు. టెస్టు చేయించుకోమంటే "నాకేటయ్యింది, పొద్దున్నే పనుంటాది, కాలీ కడుపుతో ఎలా వస్తాను" అంటుంది. మీ అమ్మగారు కూడా అదే మాట అంటే ఏ1సీకి పరగడుపు అక్కర్లేదని చెప్పండి. వంటయ్యాక, టిఫిన్ తిన్నాక, ఏ వేళకైనా రక్తం ఇవ్వొచ్చు. నాన్నగారితోపాటు ఆవిడనీ అదే ఆటోలో ఎక్కించండి.