రన్‌వే గోడ వాగుకు అడ్డం పడింది, మా పొలాలు మునిగాయి: కేసు వేయవచ్చా?

ప్రశ్న: అడ్వకేట్ గారికి నమస్కారం. మాది కోస్తాలో ఒక విమానాశ్రయం పక్కనున్న ఊరు. రన్‌వేను సుమారు కిలోమీటరు పొడిగించడానికి భూములు తీసుకున్నారు. నాకున్న 4 ఎకరాల్లో ఎకరంన్నర పోయింది, డబ్బు అందింది. మట్టి పోసి ఎత్తు చేసి, జూన్ నెలాఖరుకి ప్రహరీ కట్టేశారు. మా పొలాల మీదుగా చెరువులోకి పోయే వాగు ఆ గోడ దగ్గరే ఆగిపోయింది. రెండు సిమెంటు గొట్టాలు పెట్టారు గానీ అవి ఏ మూలకూ చాలవు. ఆగస్టు వానలకు నాటిన చేను తొమ్మిది రోజులు నీళ్లలో ఉంది, అక్టోబరులో మళ్లీ మునిగింది. అటు చెరువేమో సగం కూడా నిండలేదు. అడిగితే, చెరువుంటే పక్షులు వస్తాయి, విమానాలకు ప్రమాదం, ముందుముందు అదీ పూడుస్తాం అంటున్నారు. చిత్తడి నేలల చట్టం కింద కేసు వేసి పనులు ఆపించవచ్చా? (ఒక రైతు)

జవాబు: మీ ఉత్తరం డిసెంబరు మొదటి వారంలో నా చేతికి వచ్చింది. అందుకే ముందు గడువు సంగతి చెబుతాను. పర్యావరణ వివాదాలు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు 2010 నాటి చట్టం 14వ సెక్షన్ కింద వెళ్లాలంటే, వివాదానికి కారణం మొదట పుట్టిన రోజు నుంచి 6 నెలల్లోపు వెళ్లాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు, అంతకు మించి ఇవ్వరు. మీరు పొలం మునిగిన ఆగస్టు నుంచి లెక్క వేస్తారు. అవతలి వకీలు గోడ కట్టిన జూన్ నుంచి వేస్తాడు. ‘మొదట’ అనే మాట చట్టంలోనే ఉంది కనుక ఆయన వాదనను తేలిగ్గా తీసుకోలేం. అలా చూస్తే ఈ నెలాఖరుకే మీ 6 నెలలు అయిపోతాయి. సోమవారం సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇచ్చి వచ్చినంత మాత్రాన గడువు ఆగదు. అర్జీల రశీదులన్నీ భద్రంగా దాచుకుని, గడువు దాటాక నా దగ్గరికి వచ్చిన రైతులు ఉన్నారు. న్యాయం వాళ్ల వైపే ఉన్నా చేయగలిగింది చాలా తక్కువ. నష్టపరిహారం, పాడైన చోటును తిరిగి బాగు చేయించడం కోరే 15వ సెక్షన్‌కు 5 ఏళ్ల గడువు ఉంది గానీ, ముందు మీకు కావాల్సింది వచ్చే వానాకాలం లోపు నీళ్లకు దారి. దానికి 14వ సెక్షనే ఆధారం.

ఇక చిత్తడి నేలల మాట. 2017 సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో 4వది గట్టిదే. చిత్తడి నేలను వేరే అవసరానికి మార్చకూడదు, ఆక్రమించకూడదు, గత పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు శాశ్వత కట్టడం రాకూడదు. అయితే చిత్తడి నేల అంటే ఏమిటో చెప్పే చోటే మెలిక ఉంది. వరి పొలాలు, తాగునీటికి తవ్వినవి, సాగునీటి కోసం ప్రత్యేకంగా కట్టినవి ఆ నిర్వచనంలోకి రావు. మీ చెరువుకు తూము, అలుగు, ఆయకట్టు ఉన్నాయంటే అవతలి పక్షం మొదటి వాయిదాలోనే ఈ మాట పట్టుకుంటుంది. మన పెద్దలు కట్టుకున్న చెరువులు చాలావరకు సాగు కోసమే. అలాంటివాటిని ఈ రక్షణకు బయట ఉంచడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కానీ చట్టం ఉన్నది ఉన్నట్టు మీకు చెప్పాలి. ఒక ఆధారం మాత్రం ఉంది. ఎం.కె. బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు 2017లో, ఉపగ్రహ చిత్రాలతో గుర్తించిన 2,01,503 చిత్తడి నేలలను పాత 2010 నిబంధనల్లోని 4వ నిబంధన సూత్రాల ప్రకారం కాపాడాలని ఆదేశించింది. ఇవి 2.25 హెక్టార్లు, అంటే ఐదున్నర ఎకరాలు పైబడినవి. మీ చెరువు ఆ జాబితాలో ఉంటే పిటిషన్‌లో తప్పకుండా రాయించండి. కేసు మొత్తాన్ని మాత్రం దాని మీదే నిలబెట్టవద్దు.

రన్‌వే పనులు ఆపించాలన్న ఆలోచన కూడా పక్కన పెట్టమంటాను. నిర్దిష్ట ఉపశమన చట్టాన్ని 2018లో సవరించి, మౌలిక వసతుల ప్రాజెక్టు ఆలస్యమయ్యేలా సివిల్ కోర్టు ఇంజంక్షన్ (పనులు ఆపే ఉత్తర్వు) ఇవ్వకూడదని 41వ సెక్షన్‌లో చేర్చారు. ఆ ప్రాజెక్టుల పట్టికలో విమానాశ్రయాలు ఉన్నాయి. మీరు ‘రన్‌వే ఆపండి’ అంటే కోర్టు దేశ అవసరాన్నీ మీ రెండున్నర ఎకరాలనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. ‘వాగుకు దారి ఇవ్వండి’ అంటే కాదనడానికి ఎవరికీ కారణం దొరకదు.

దారి అడగడానికి మీ చేతిలో ఉండాల్సిన అసలు కాగితం పర్యావరణ అనుమతి పత్రం. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం వాణిజ్య విమానాశ్రయాలు ‘ఏ’ కేటగిరీలోవి. కొత్తవాటికే కాదు, విస్తరణకూ కేంద్ర పర్యావరణ శాఖ ముందస్తు అనుమతి కావాలి. సహజ నీటి పారుదలకు ఆటంకం కలగకూడదని, వాన నీటి కాలువలు కట్టాలని ఇలాంటి అనుమతుల్లో సాధారణంగా షరతులు ఉంటాయి. వాటిని ఎంతవరకు పాటించారో విమానాశ్రయం వాళ్లు ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. అది ప్రజలు చూడదగ్గ పత్రమే, అడిగినవారికి ప్రతి ఇవ్వాలని ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది. కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల వెబ్‌సైట్ ‘పరివేష్’లో అనుమతి పత్రం, అంచనా నివేదిక వెతకండి. నివేదికలో మీ వాగును చూపించారా లేదా అన్నది చాలా ముఖ్యం. గోవాలోని మోపా విమానాశ్రయం విషయంలో దరఖాస్తులో పర్యావరణ వివరాలు సరిగా వెల్లడించలేదని 2019 మార్చిలో సుప్రీంకోర్టు అనుమతినే నిలిపేసింది. మరుసటి ఏడాది జనవరిలో అదనపు షరతులతో పనులు సాగనిచ్చింది. విమానాశ్రయం ఆగిపోలేదు, కానీ షరతులు గట్టిపడ్డాయి. మీరూ అలాంటి ఫలితాన్నే కోరుకోండి.

హరిత ట్రిబ్యునల్ కొన్ని చట్టాల కింద వచ్చే వివాదాలే వింటుంది, వాటిలో 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం ఒకటి. కాబట్టి పిటిషన్‌లో ‘నా పొలం మునిగింది’ అని మాత్రమే రాస్తే చాలదు. ‘ఆ చట్టం కింద ఇచ్చిన అనుమతిలోని ఫలానా షరతు ఉల్లంఘించారు, అందువల్ల వాగు ఆగింది, చెరువు నిండలేదు, పొలాలు మునిగాయి’ అని ఆ వరుసలోనే రాయాలి.

నీళ్ల లెక్క కూడా జత చేయండి. రన్‌వే వెడల్పు 45 మీటర్లనుకుంటే, కిలోమీటరు పొడిగింపు మీద 10 సెంటీమీటర్ల వాన పడినప్పుడు 45 లక్షల లీటర్ల నీళ్లు వస్తాయి. ఒకప్పుడు పొలాల్లోకి ఇంకిన వాన ఇప్పుడు కాంక్రీటు మీద నుంచి ఒక్కసారిగా దిగుతుంది. టాక్సీవే (విమానాలు రన్‌వేకు వచ్చిపోయే దారి), రోడ్లు ఇందులో కలపలేదు. దానికితోడు ఎగువ నుంచి వాగు తెచ్చే నీళ్లు. ఆ రెండు గొట్టాల వ్యాసం టేపుతో కొలిచి రాయండి. నీళ్లకు దారి మూస్తే నష్టం రైతులతో ఆగదు. కొచ్చి విమానాశ్రయం 2018 వరదల్లో ఆగస్టు 15 నుంచి 29 వరకు మూతపడింది, ప్రహరీ చాలా దూరం కూలిపోయింది. అడయారు నది పక్కనే ఉన్న చెన్నై విమానాశ్రయం 2015 డిసెంబరులో రోజుల తరబడి నీళ్లలో ఉంది. మీ వాగుకు దారి ఇవ్వడం రన్‌వే క్షేమం కోసం కూడా అని ట్రిబ్యునల్ ముందు ధైర్యంగా చెప్పవచ్చు.

పక్షుల మాటకు వస్తాను. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు జంతువులను వధించడం, చెత్త పారబోయడం మీద విమానయాన నిబంధనల్లో నిషేధం ఉంది. చెరువులు పూడ్చమని ఆ నిబంధన చెప్పదు. పక్షుల భయం నిజమైనదే. దానికి ఇంజనీర్ల దగ్గర ఉపాయం ఉంది. వాన నీటిని కొంతసేపు ఆపే గుంటలను, వాన తగ్గాక 48 గంటల్లోపు ఖాళీ అయ్యేలా కట్టాలని అమెరికా ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ సూచిస్తుంది. ఆవరణలో అలాంటివి కట్టి, మిగులు నీటిని చెరువుకు వదలమని అడగండి. చెరువు పూడుస్తామంటే తిరుపతి తీర్పు చూపించండి. అవిలాల, పేరూరు చెరువుల భూములను ఇళ్లకు ఇచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2006లో, చెరువులాంటి సహజ వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని చెప్పి, అక్కడ ఇక కొత్త కట్టడాలు వద్దంది. అవి సాగునీటి చెరువులే కాబట్టి మీకు చిత్తడి నేలల నిబంధన కంటే ఈ తీర్పే దగ్గరి ఆధారం.

ఇంకో దారి మీ డివిజన్‌లోనే ఉంది. ప్రజలు వాడుకునే నీటి మార్గానికి అడ్డు పడితే తొలగించమని ఆర్డీఓ షరతుతో ఆదేశం ఇవ్వవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 133వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్ అయింది. దీనికి విలేజ్ మ్యాప్, ఎఫ్ఎంబీ (సర్వే నంబర్ల వారీగా కొలతలు చూపే పుస్తకం) నకళ్లు ప్రాణం. వాటిలో వాగు పోరంబోకు అని ఉంటే సగం పని అయినట్టే. ఆ పోరంబోకును కూడా విమానాశ్రయానికి అప్పగించారేమో, ఏ జీవో కింద, ఏ షరతులతో ఇచ్చారో సమాచార హక్కు కింద అడగండి. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 7వ సెక్షన్ ఉదాహరణల్లోనే, ఎగువ భూమి మీద పడి సహజంగా పారే నీటిని దిగువ యజమాని పారనివ్వాలని ఉంది. మీ పొలం ఎగువ, గోడ దిగువ. అయితే ఈ హక్కు మీద దావా సివిల్ కోర్టులో వేయాలి, ప్రభుత్వానికి ముందుగా 2 నెలల నోటీసు ఇవ్వాలి కనుక ఇప్పుడు దాన్ని రెండో వరుసలో ఉంచుదాం.

పోయిన ఎకరంన్నర విషయంలో ఒక్క ప్రశ్న. డబ్బు తీసుకున్నప్పుడు ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాశారా? 2013 భూసేకరణ చట్టం 28వ సెక్షన్ ప్రకారం సేకరణ వల్ల మిగిలిన భూమికి కలిగే నష్టాన్ని కూడా పరిహారంలో లెక్కించాలి. అభ్యంతరం లేకుండా డబ్బు తీసుకుంటే పెంపు అడిగే హక్కు పోతుంది. రాసి ఉంటే అవార్డు (పరిహారం ఖరారు చేసిన ఉత్తర్వు) తేదీ నాకు పంపండి. అక్కడా గడువులు ఉన్నాయి.

ట్రిబ్యునల్ దక్షిణ ప్రాంత బెంచ్ చెన్నైలో ఉంది. పరిహారం కోరని పిటిషన్‌కు ఫీజు 1,000 రూపాయలు. మీరే హాజరై వాదించుకోవచ్చు, అయినా వకీలును పెట్టుకోండి. మీ ఒక్కరి పేరుతో కాకుండా చెరువు ఆయకట్టు రైతులు మరో నలుగురిని కలుపుకోండి. మునిగిన నాటి ఫోటోలు తేదీలతో సహా ప్రింటు తీయించి ఉంచండి, పంట నష్టం నమోదు నకలు రైతు సేవా కేంద్రంలో అడగండి. సమాచార హక్కు జవాబుకు 30 రోజులు పడుతుంది, దాని కోసం ఆగవద్దు. ఉన్న కాగితాలతో ఈ నెల 20 లోపు పిటిషన్ వేయించండి, మిగతావి తర్వాత దాఖలు చేయవచ్చు.