కోతిని సరైన జవాబు వైపు మార్చు

చిరంజీవి మేనల్లుడికి, అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోన్ కోసం తయారుచేసి పంపిన అక్షరాల ఆటను సాయంత్రం ట్యూషన్‌కు వచ్చే పిల్లలకు ఇచ్చి వారం రోజులు చూశాను. ముప్పై ఏళ్లు ఒకటో తరగతికి చెప్పినదాన్ని కాబట్టి, నాకు కనిపించింది దాచకుండా రాస్తున్నాను.

ముందు ఆ కోతి సంగతి. తప్పు అక్షరం నొక్కితే కోతి కిచకిచమంటూ చెట్టు మీంచి పడుతుంది. సరైనది నొక్కితే చిన్న గంట మోగుతుంది, అంతే. రెండో రోజుకే పిల్లలు కావాలని తప్పు నొక్కుతున్నారు. వాళ్లను అనడానికి లేదు నాన్నా. ఏది నొక్కితే సరదాగా ఉంటుందో అదే నేర్చుకున్నారు. కోతిని సరైన జవాబు వైపు మార్చు. తప్పు నొక్కితే ఏ బొమ్మా కదలొద్దు. వాళ్లు నొక్కిన అక్షరం ఒకసారి, అడిగిన అక్షరం ఒకసారి పలికించు, చాలు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది వెనక ఆగకుండా మోగే సంగీతం. ద, ధ మధ్య తేడా కాస్త ఊపిరి. ఇళ్లలో మామూలు మాటల్లో మనం 'ధనం'ని 'దనం' అనే అనేస్తాం, కాబట్టి చాలామంది పిల్లలు ఆ తేడాను మొదటిసారి వినేది నీ ఆటలోనే. ఫోన్ స్పీకర్‌లో ఆ ఊపిరి అసలే పలచగా వస్తుంది. దాని మీద డప్పు, పిల్లనగ్రోవి కలిపితే ఇక ఏం వినిపిస్తుంది? 2000లో అమెరికాలో రోక్సానా మోరెనో, రిచర్డ్ మేయర్ మెరుపు ఎలా పుడుతుందో, బ్రేకులు ఎలా పనిచేస్తాయో కదిలే బొమ్మలతో, మాటలతో కాలేజీ విద్యార్థులకు చెప్పి చూశారు. వెనక సంగీతం కలిపినప్పుడు వాళ్లకు గుర్తున్నది తగ్గింది. ఒకేసారి మనసులో పట్టేది కొంచెమే కదా. ఆట మొదలయ్యేటప్పుడు, మెట్టు దాటినప్పుడు సంగీతం ఎంతైనా పెట్టుకో. అక్షరం పలికేటప్పుడు మాత్రం నిశ్శబ్దంగా ఉండాలి. ఒత్తి పలికే అక్షరాలు స్పష్టంగా పలికే గొంతునే ఎంచుకో, ప్రకటనల్లో వినిపించే గొంతు వద్దు. మళ్లీ వినడానికి పెద్ద బటన్ ఒకటి పెట్టు.

ఇక బొమ్మలు. అక్షరాలకు కళ్లూ కాళ్లూ పెట్టావు, ముద్దుగానే ఉన్నాయి. కానీ 'ద' లోపల గుండ్రటి కన్ను గీస్తే అది 'థ'లా కనిపిస్తోంది! లోపలి చుక్క, కింది చిన్న గీత, వీటితోనే కదా ద, థ, ధ అక్షరాలను పిల్లలు గుర్తుపట్టేది. వెనక మామిడితోపు బొమ్మ వల్ల ఆ కింది గీత ఆకుల్లో కలిసిపోతోంది. అక్షరం వెనక ఒకే లేత రంగు ఉంచు. కళ్లు పక్కన నిలబడ్డ కోతికి పెట్టు.

బొమ్మ, మాట ఒకేసారి రావాలి. 'ఏనుగు' అని వినిపించాక, కాసేపాగి ఏనుగు నడిచి వస్తోంది. ఈలోపు పిల్లల చూపు ఎక్కడికో పోతోంది. దూరదర్శన్ చిత్రహార్‌లో పాటతో పాటే కింద మాటలు రంగు మారుతూ వచ్చేవి, గుర్తుందా? అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారి చదువు కోసమే ఆలోచించిన పద్ధతి అది. పదం పలుకుతుండగా ఒక్కో అక్షరం రంగు మారేలా నువ్వూ చెయ్యి.

వచ్చే ఆదివారం వచ్చేటప్పుడు సంగీతం ఉన్నది ఒకటి, తీసేసింది ఒకటి, రెండూ తీసుకురా. పిల్లలు ఐదింటికి వస్తారు. సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకొకటి ఇద్దాం. మర్నాడు ఫోన్ పక్కన పెట్టి నేను పలుకుతాను, వాళ్లు పలక మీద రాస్తారు. ఇయర్‌ఫోన్లు మాత్రం తేవద్దు, ఆ పిల్లల ఇళ్లలో అవి లేవు.

ఇట్లు,
మీ అత్తయ్య