పాఠకుల ప్రశ్నలు – జవాబులు: బడి బాగుపడితే సరా, బడిలో బిడ్డ బాగుండాలి

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల నుంచి వచ్చినవే, దాదాపు అన్నీ బడి గురించినవే. అందుకని ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయించాం. ఒకే సంగతిపై వచ్చిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇస్తున్నాం. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది పి.గన్నవరం మండలంలో ఒక లంక గ్రామం. మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు–నేడు పథకం పనుల్లో మా బడికి మంచి మరుగుదొడ్లు కట్టారు గానీ కుళాయిలో నీళ్లు రావు. దాంతో ప్రతి నెలా నాలుగు రోజులు పిల్ల బడి మానేస్తోంది. అడిగితే ‘పైనుంచి నిధులు రావాలమ్మా’ అంటున్నారు. అసలు అడిగే హక్కు మాలాంటి వాళ్లకు ఉందా?

జవాబు: ఉందమ్మా, ఆ హక్కు మీకు చట్టమే ఇచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, స్థానిక సంస్థల పాఠశాలల్లో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో కనీసం నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకుంటారు, వారి పదవీకాలం రెండేళ్లు. బడి పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళికను తయారుచేసి సిఫారసు చేయడం, వచ్చిన నిధులు దేనికి ఖర్చయ్యాయో చూడడం ఆ కమిటీ బాధ్యతలు. చాలా ఊళ్లలో ఈ కమిటీ సంతకాల పుస్తకానికే పరిమితమైపోయిందంటే, తమ చేతిలో ఇంత అధికారం ఉందని సభ్యులకు ఎవరూ చెప్పకపోవడమే అందుకు పెద్ద కారణం.

2019 నవంబరు 14న మొదలైన నాడు–నేడు మొదటి విడతలో 15,715 పాఠశాలలను తీసుకున్నారు. నిత్యం నీళ్లుండే మరుగుదొడ్లు, తాగునీరు, కరెంటు, బల్లలు, మరమ్మతులు, ప్రహరీ వంటివి ఆ పనుల్లో ముఖ్యమైనవి. పాత బడులను ఎరిగినవారెవరూ ఆ మార్పును తక్కువ చేసి మాట్లాడలేరు. అయితే కట్టడం ఒక ఎత్తు, కట్టినదాన్ని రోజూ పనిచేసేలా ఉంచడం మరో ఎత్తు. సముద్రానికి దగ్గరగా ఉన్న మండలాల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని మీకు తెలియంది కాదు. నేను చూసిన ఒక హైస్కూలులో మోటారు తిరుగుతోంది, మిద్దె మీద ట్యాంకు నిండుగా ఉంది, కానీ కిందికి దిగే గొట్టంలో ఉప్పు పేరుకుపోయి ఆడపిల్లల వైపు గదులకు చుక్క నీరు అందడం లేదు. గొట్టం మార్చడం ప్లంబరుకు ఒక పూట పని. ఆ పని ఎవరు చేయించాలో తేలకపోవడంతో, నీళ్లు తాగితే బయటికి వెళ్లాల్సి వస్తుందని ఆ పిల్లలు పొద్దుటి నుంచి ఇంటికి వెళ్లేదాకా గొంతు తడుపుకోకుండా కూర్చుంటున్నారు. ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ల సీసాలు నిండినవి నిండినట్టే బల్లల మీద ఉన్నాయి. రంగులు వేసిన గోడల మధ్య ఈ దృశ్యం చూశాక, బడి బాగుపడిందో లేదో తేల్చడానికి ముందుగా అడగవలసింది ఆ పిల్లలనే అని నాకు గట్టిగా అనిపించింది.

నిధుల సంగతికి వస్తే, 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం పథకంలో ఒక్కో బిడ్డకు నిర్ణయించిన 15,000 రూపాయల్లో 13,000 తల్లుల ఖాతాల్లో వేసి, మిగిలిన 2,000 రూపాయలను పాఠశాలల నిర్వహణ, అభివృద్ధి కోసం పక్కన పెట్టారు. కాబట్టి ‘నిధులు లేవు’ అన్న మాటను నోటి మాటగా ఒప్పుకోనక్కర్లేదు. మీ బడి నిర్వహణకు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని ప్రధానోపాధ్యాయుణ్ణి, కమిటీ అధ్యక్షుణ్ణి కాగితం మీద అడగండి. ఏడో తరగతి తల్లుల ప్రతినిధుల చేత కమిటీ సమావేశంలో ఈ అంశం పెట్టించి, తీర్మానాల పుస్తకంలో రాయించండి. ఆ తీర్మానం నకలు మండల విద్యాశాఖాధికారికి పంపండి. అప్పటికీ కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఉపాధ్యాయులతో తగవు పెట్టుకోవలసిన పని లేదు. వారిలో చాలామంది ఇలాంటి తీర్మానం ఒకటి చేతికొస్తే బాగుండునని ఎదురుచూస్తున్నవారే.

ప్రశ్న: ప్రతి ఏడూ శ్రావణంలో గోదావరి పొంగితే మా పిల్లలకు బడి లేనట్టే. కాజ్‌వే మునిగితే టీచర్లు రాలేరు, పడవ తిరిగినా పిల్లల్ని ఎక్కించడానికి మాకు ధైర్యం చాలదు. పైగా ఉన్న బడిని పునరావాస కేంద్రం చేస్తారు. పోయిన చదువు ఎలా పూడుతుంది?

జవాబు: ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది జారీ చేస్తారని లంకల్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. 2022 జూలైలో మూడో హెచ్చరిక కూడా దాటిపోయి లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వరద మన చేతిలో లేదు గానీ, ఏ నెలల్లో వస్తుందో తెలిసినప్పుడు దానికి తగిన చదువు ఏర్పాటు ముందే చేసుకోవడం మన చేతిలోనే ఉంది.

చట్టం ఇక్కడ కూడా ఒక ఆధారం ఇస్తోంది. విద్యాసంవత్సరంలో ఒకటి నుంచి ఐదు తరగతులకు కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు, 1,000 గంటలు ఉండాలి. వరద సెలవులను సెలవు రోజుల్లో బడి నడిపి భర్తీ చేయడం మామూలే. ఆ భర్తీ హాజరుపట్టీలో మాత్రమే జరిగిందా, పాఠం కూడా జరిగిందా అన్నది కమిటీ చూడాలి. ఉపాధ్యాయులను బోధనేతర పనులకు పంపకూడదన్న 27వ సెక్షన్ జనాభా లెక్కలకు, ఎన్నికలకు, విపత్తు సహాయానికి మినహాయింపు ఇచ్చింది కాబట్టి, వరద రోజుల్లో వారిని పిలవడాన్ని తప్పుపట్టలేం. కానీ నీరు తీశాక కూడా బడి గదుల్లో సామాన్లు ఉండిపోవడం మాత్రం ఒప్పుకోదగినది కాదు. తుపాను రక్షణ భవనాలు, కల్యాణ మండపాలు ఉన్న ఊళ్లలో ముందు వాటిని వాడి, బడిని చివరి ఆధారంగా ఉంచాలని గ్రామసభలో తీర్మానం చేసి రెవెన్యూ అధికారులకు జూన్‌లోనే ఇవ్వడం మంచిది. ఇంకొక మాట. నీళ్లలో ఇల్లు మునగడం చూసిన పిల్లలు బడికి తిరిగి వచ్చిన మొదటి వారం పాఠం మీద మనసు పెట్టలేరు. ఆ వారం వారిని మాట్లాడనివ్వాలి, ఆడుకోనివ్వాలి, సిలబస్ వెనకబడిందని తరమకూడదు.

ప్రశ్న: మధ్యాహ్న భోజనంలో ఒక్కో పిల్లవాడికి ఎంత పెట్టాలన్న లెక్క ఉందా? మా వాడు ఇంటికి రాగానే ఆకలంటాడు.

జవాబు: ఉంది. ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 100 గ్రాముల బియ్యంతో 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఆరు నుంచి ఎనిమిది వరకు 150 గ్రాముల బియ్యం, 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు. 2025 జూన్ నుంచి మన రాష్ట్రంలో బడులకు సన్నబియ్యం ఇస్తున్నారు. వడ్డించే ముందు ఒక ఉపాధ్యాయుడితో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలని 2015 నాటి నిబంధనలు చెబుతున్నాయి. వారానికొక రోజు ఒక తల్లి వెళ్లి పిల్లల వరుసలో కూర్చుని తింటే, సాంబారు పలుచనో అన్నం చాలడం లేదో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. తప్పు కనిపిస్తే వంట చేసే ఆడవాళ్ల మీద విరుచుకుపడకండి. 2019లో వారి గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలకు పెరిగింది. ఆ పొగలో చేసే చాకిరీకి అది ఇప్పటికీ తక్కువే. లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చిన బాటసారికీ వండి పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు ఇప్పుడు ఈ పథకానికి ఉంది. ఆ పేరు పెట్టుకున్నాక ఏ బిడ్డా అర్ధాకలితో లేవకూడదు.

ప్రశ్న: భీమవరం దగ్గర ఒక ప్రైవేటు బడిలో మా అబ్బాయిని మార్కులు తగ్గాయని బెత్తంతో కొట్టారు, తరగతిలో నిలబెట్టి అవమానించారు. మా మామగారేమో ‘దండం దశగుణం భవేత్’ అంటున్నారు. చట్టం ప్రైవేటు బడికి వర్తించదా?

జవాబు: వర్తిస్తుంది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది, అందులో ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి అన్న తేడా లేదు. అందరి ముందు మార్కులు చదివి ఎగతాళి చేయడం కూడా వేధింపే. ముందు యాజమాన్యానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రశీదు తీసుకోండి, స్పందన లేకపోతే జిల్లా విద్యాశాఖాధికారికి ఇవ్వండి. బిడ్డకు అపాయం ఉందనిపిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. అబ్బాయి నిద్రలో ఉలిక్కిపడుతున్నా, తిండి తగ్గించినా, బడి మాట ఎత్తగానే కడుపునొప్పి అంటున్నా మానసిక ఆరోగ్య సలహాల కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు 14416లో సలహా దొరుకుతుంది, దానికి రుసుము లేదు. మీ మామగారికి నా మాటగా ఇది చెప్పండి: దెబ్బ తిన్న పిల్లవాడు లెక్క నేర్చుకోడు, లెక్క రాలేదన్న సంగతి దాచడం నేర్చుకుంటాడు. మనవడు ఏం దాస్తున్నాడో తెలుసుకోవడానికి తాతకు ఉన్నంత చనువు బడిలో ఎవరికీ ఉండదు కాబట్టి, ఆయననే రోజూ కాసేపు పక్కన కూర్చోమనండి.

ప్రశ్న: మూడో తరగతి నుంచి పిల్లల్ని పక్క ఊరి బడికి పంపమన్నారు. కాలువ గట్టు మీద నడిచి వెళ్లాలి. ఏం చేయాలి?

జవాబు: 2022 నాటి 117 నంబరు జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు తరలించినప్పుడు ఈ ఇబ్బంది ఎక్కువైంది. 2025లో దాన్ని పక్కనపెట్టి కొత్త ఉత్తర్వులు ఇచ్చారు. వాటిలో చెప్పిన, తరగతికి ఒక టీచరు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు మంచి ఆలోచనే. ఒకే టీచరు ఐదు తరగతులు చూసే బడిలో బిడ్డకు దక్కేది తక్కువ. అయితే దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే చాలదు. ప్రాథమిక తరగతులకు కిలోమీటరు లోపు బడి ఉండాలన్నది నియమం. ఆ కిలోమీటరులో పిట్టగోడ లేని వంతెన ఉంటే ఎనిమిదేళ్ల పిల్లకు అది దాటరాని దూరమే. కమిటీ చేత అర్జీ రాయించి, దారిలో కాలువ దాటే చోటు, వర్షాకాలంలో గట్టు జారే చోటు, లారీలు తిరిగే రోడ్డు ఎక్కడెక్కడ ఉన్నాయో పటం గీసి జతచేయండి. బడి ఊళ్లోనే ఉంచాలని, లేదా ప్రభుత్వ ఖర్చుతో రవాణా ఏర్పాటు చేయాలని స్పష్టంగా అడగండి. అర్జీ మీద ఆ దారిన వెళ్లే పిల్లల తల్లులందరి సంతకాలు ఉండేలా చూడండి, అందినట్టు ముద్ర వేయించుకున్న నకలు మీ దగ్గరే ఉంచుకోండి.