విమానంపై దృశ్యతా సెన్సర్: కాంతి తగ్గుదలా, చెదిరిన కాంతా?

చిన్న విమానం రెక్క కింద అమర్చి, మబ్బులోనూ పలుచని మసకలోనూ దృశ్యత (ఎంత దూరం కనిపిస్తుందో) కొలవాలంటే కాంతి తగ్గుదలను నేరుగా కొలవాలా, లేక నీటి బిందువులు చెదరగొట్టిన కాంతిని పట్టుకోవాలా అని అడిగారు. రెండో దారే పట్టమంటాను.

ఘనమీటరుకు 0.3 గ్రాముల నీరు, దాదాపు 10 మైక్రోమీటర్ల వ్యాసార్ధం గల బిందువులు ఉన్న మేఘంలో క్షీణతా గుణకం, అంటే మీటరు దారిలో కాంతి ఎంత వంతు తగ్గుతుందో చెప్పే సంఖ్య, సుమారు 0.045 వస్తుంది. వస్తువుకూ నేపథ్యానికీ వెలుగు తేడా (కాంట్రాస్టు) 5 శాతానికి పడిపోయే దూరమే దృశ్యత అనుకుని 3ను దానితో భాగిస్తే దృశ్యత 67 మీటర్లు. విమానంపై దొరికే ఒక మీటరు దారిలో ఈ 4 శాతం పైచిలుకు తగ్గుదలను పట్టుకోవడం కష్టం కాదు. దృశ్యత 5 కిలోమీటర్లున్న మసకలో మాత్రం తగ్గేది 0.06 శాతమే, గాజుపై పడిన నూనె మరక అంతకంటే ఎక్కువ తినేస్తుంది. చెదిరిన కాంతిని సున్నా నుంచి కొలుస్తాం కనుక, అదే మరక వల్ల కొలత కొద్ది శాతం తగ్గుతుందే తప్ప లేని పొగమంచు పుట్టుకురాదు.

అయితే ఎండ పడిన మేఘం లోపల అంతా తెల్లటి వెలుగే. సెన్సర్‌లో కాంతినిచ్చే ఎల్ఈడీ దీపాన్ని కొన్ని కిలోహెర్ట్జ్‌ల వేగంతో (సెకనుకు కొన్ని వేల సార్లు) వెలిగించి ఆర్పుతూ, ఆ లయకు సరిపోయిన సంకేతాన్నే ఏరుకోవాలి. కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే ఫొటోడయోడ్ వెనుక ఉన్న తొలి ఆంప్లిఫయర్ ఆ వెలుగుకే నిండిపోతే తరువాత ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు.

మాది ఒడిశాలోని జయపురం. వానాకాలంలో సాలూరు నుంచి కొరాపుట్ వైపు ఎక్కే సుంకి ఘాట్‌లో మబ్బు రోడ్డు మీదికే దిగుతుంది కాబట్టి, విమానం అందుబాటులో లేని మాకు అదే ప్రయోగశాల అయింది. జీపు ముందు కమ్మీకి సెన్సర్ బిగించి తిప్పితే, గాలికి ఎదురుగా ఉన్న గాజు తడిసి, పొట్టంగి దాటి ఎండ కాసినా తెరమీద పొగమంచే చూపించేది. గొట్టం లోతున, వెనక్కి తిరిగి ఉన్న గాజు పొడిగా నిలిచింది. విమానానికీ ఈ అమరికే మేలు.

జీపు చెప్పలేని సంగతులూ ఉన్నాయి. సెకనుకు 100 మీటర్ల వేగంలో మంచు స్ఫటికాలు సెన్సర్ చేతుల కొనలకు తగిలి పగిలి, ఆ ముక్కలే కొలతను పెంచుతాయి. అందుకే కొనలు సన్నగా, కొలిచే చోటు రెక్క అంచుకు బాగా ముందుగా ఉండాలి. గాజు హీటరుకు ఎంత విద్యుత్తు ఇవ్వగలరో ముందే తేల్చుకోండి.

మీరు పెట్టిన బొమ్మలో చెదిరిన కాంతిని పట్టే రిసీవర్, దీపపు కాంతి సాగే దిశకు 15 డిగ్రీల వద్ద ఉంది. అంత చిన్న కోణంలో చెదిరే కాంతి బిందువు పరిమాణాన్ని బట్టి బాగా మారిపోతుంది కనుక, దాన్ని 35 డిగ్రీల చుట్టుపక్కలకు జరపండి.