ఏడో తరగతి బాబుకి లాటిన్ రూట్స్ నేర్పిస్తే ఇంగ్లిష్ పదాలు గుర్తుంటాయా?

బాబు ఏడో తరగతి అని, పదాలు ఎంత బట్టీ పట్టినా పరీక్ష నాటికి మర్చిపోతున్నాడని, లాటిన్ రూట్స్, అంటే ఇంగ్లిష్ మాటల్లో దాగి ఉన్న లాటిన్ మూలాలు, నేర్పిస్తే ఫలితం ఉంటుందా అని అడిగారు. తప్పకుండా ఉంటుందండి. మా పాప విషయంలో చూశాను, సాయంత్రం మా ఇంటికి ట్యూషన్‌కి వచ్చే పిల్లల్లోనూ చూశాను. కాకపోతే మూడొందల రూట్స్ ఉన్న పుస్తకం కొని చేతిలో పెట్టకండి. అది ఇంకో బట్టీ అవుతుంది.

పాప ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు స్కూల్లో వారం వారం ఇరవై పదాల డిక్టేషన్ పెట్టేవాళ్లు. తప్పు రాసిన ప్రతి పదం ఇరవై సార్లు రాయాలి. ఒకసారి ‘ప్లంబర్’ స్పెల్లింగ్‌లో ‘బి’ వదిలేసింది. పలకని అక్షరం ఎందుకు రాయాలని ఒకటే ఏడుపు. ఆ ఆదివారం మా వంటింట్లో సింకు కింద పైపు లీకైతే ప్లంబర్‌ని పిలిచాం. ఆయన పని చేస్తుంటే పాప అక్కడే గోడకి ఆనుకుని కూర్చుని ఆ ఇరవై సార్లూ రాస్తోంది. ఎదురుగా మూలకాల చార్టు. సీసం గుర్తు ‘పీబీ’ అని, లాటిన్‌లో దాని పేరు ‘ప్లంబం’ అని అప్పటికే నేర్చుకుంది. నేను చార్టు మీద వేలు పెట్టి, “రోమ్‌లో నీళ్ల గొట్టాలు సీసంతో చేసేవాళ్లు, సీసం పని చేసేవాడు ప్లంబర్” అన్నాను. అది పెన్సిల్ ఆపేసింది. చార్టు వంక చూసింది, సింకు కింద కనిపిస్తున్న ఆయన కాళ్ల వంక చూసింది. “అయితే ఈ బి, పీబీలో ఉన్న బి ఒకటేనా?” అంది. ఆ పదం మళ్లీ తప్పు రాయలేదు.

మా నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. హాల్లోంచి ఇదంతా విని వచ్చి, “ఇవి మన ధాతువుల్లాంటివే కదమ్మా” అన్నారు. ‘హృ’ ధాతువుకి తీసుకుపోవడం అని అర్థం, ముందు ఉపసర్గ మారితే ఆహారం, విహారం, సంహారం, పరిహారం అవుతాయి, ధాతువు మాత్రం అదే అని మనవరాలికి చెప్పారు. అలాంటిది ఇంగ్లిష్‌లో ఒకటి చెప్పమంటే నేను ‘రప్ట్’ చెప్పాను, విరగడం అని. మాట మధ్యలో విరిస్తే ఇంటరప్ట్. పగిలి బయటికి తన్నుకొస్తే ఎరప్ట్. బ్యాంక్రప్ట్ అంటే ఇటలీలో వడ్డీ వ్యాపారి కూర్చునే బల్ల విరగడం. కరప్షన్ అర్థం తాతయ్యే చెప్పారు. అన్నాలు చల్లారిపోతున్నా ఇద్దరూ లేవలేదు.

ఆ రోజు నుంచి నేను నమ్మేది ఒకటే. తెలుగు బాగా వచ్చిన పిల్లలకి లాటిన్ మూలాలు చాలా తేలిగ్గా ఎక్కుతాయి. తెలుగు ద్రావిడ భాషే అయినా మనం రోజూ వాడే మాటల్లో సంస్కృతం బోలెడంత ఉంది. సంస్కృతానికీ లాటిన్‌కీ మూలం ఒకటే అయి ఉండాలని భాషా పండితుడు విలియం జోన్స్ 1786లోనే కలకత్తాలో చెప్పాడు. దంతం తెలిసినవాడికి డెంటిస్ట్, నావ తెలిసినవాడికి నేవీ, అగ్ని తెలిసినవాడికి బండి ఇగ్నిషన్, నామం తెలిసినవాడికి నామినేషన్ కొత్తవి కావు. అన్నిటికంటే నాకు ఇష్టమైనది ‘అంతర్జాతీయ’. అంతర్, ఇంటర్ అక్కాచెల్లెళ్లు. జాతి అన్నది ‘పుట్టడం’ నుంచి వచ్చింది, లాటిన్‌లో నేషన్ కూడా పుట్టడం నుంచే వచ్చింది. రెండు భాషలూ ఒకే ఆలోచనతో ఒకే మాట కట్టుకున్నాయి. ఇది చెప్తే ట్యూషన్ పిల్లల మొహాలు వెలిగిపోతాయి.

అందుకే నాకు బాధ. ఇంగ్లిష్ రావాలంటే ఇంట్లో తెలుగు మాట్లాడకూడదనే తల్లిదండ్రులు నాకు రోజూ కనిపిస్తారు. ఇంటర్‌కి వచ్చేసరికి మార్కుల కోసం తెలుగు వదిలి సంస్కృతం తీసుకుంటారు. పోనీ అదైనా వస్తుందా అంటే, నా దగ్గర చదివి వెళ్లిన పిల్లల్లో తొంభై ఎనిమిది తెచ్చుకుని కూడా ఒక ధాతువుకి అర్థం చెప్పలేనివాళ్లు ఉన్నారు. చేతిలో ఉన్న నిచ్చెనని మనమే తీసి పక్కన పడేస్తున్నాం.

మీ బాబు సంగతికి వస్తాను. వారానికి ఒక్క రూట్ చాలు. అదీ వాడు ముందే విన్న మాటల్లోంచే తీయండి. పోర్ట్ అంటే మోయడం అని చెప్పే ముందు రైల్వే స్టేషన్‌లో పోర్టర్‌ని గుర్తుచేయండి, తర్వాత ట్రాన్స్‌పోర్ట్, ఎక్స్‌పోర్ట్, రిపోర్ట్ వాడే పట్టుకొస్తాడు. ఈట్, గో, హౌస్ లాంటి చిన్న మాటల్లో లాటిన్ వెతక్కండి, అవి ఇంగ్లిష్ సొంత మాటలు. తెలియని పదానికి అర్థం ఊహించి రాయనివ్వకండి కూడా. నా దగ్గర ఒక అబ్బాయి పెడల్, పెడెస్ట్రియన్ నేర్చుకున్న వారమే పీడియాట్రీషియన్ అంటే పాదాల డాక్టర్ అని రాశాడు. అక్కడున్నది గ్రీకు మాట, పిల్లలు అని అర్థం. డిక్షనరీలో పదం ఏ భాషలోంచి వచ్చిందో రాసి ఉంటుంది, అది చూసే అలవాటు చేయించండి. అమెరికాలో స్పెల్లింగ్ బీలో పోటీపడే మన పిల్లలు కూడా స్పెల్లింగ్ చెప్పేముందు ఆ పదం ఏ భాషదని అడుగుతారు.

మొదటి వారం ‘డెట్’తో మొదలుపెట్టండి. అప్పు అన్న ఆ మాటలోనూ పలకని ‘బి’ ఉంది. ఫ్రెంచ్ నుంచి వచ్చినప్పుడు అది లేదు, లాటిన్ ‘డెబిటం’ గుర్తుకొచ్చేలా తర్వాత పండితులు చేర్చారు. వాడు స్పెల్లింగ్ రాయగానే పక్కన మీ డెబిట్ కార్డు పెట్టండి.