సిగ్నల్ రెక్క సాఫీగా వాలాలంటే

మోడల్ రైళ్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా హెచ్‌ఓ (1:87 స్కేలు) లేఅవుట్‌కి 12 మి.మీ. ప్లైవుడ్ బోర్డు వాడాను. ఇత్తడి రేకుతో చేసిన లోయర్ క్వాడ్రంట్ (రెక్క కిందికి వాలే) సిగ్నల్‌ని ఎస్‌జీ90 సర్వో (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటారు), ఆర్డుయినో నానో (ప్రోగ్రాం రాసి పెట్టే చిన్న సర్క్యూట్ బోర్డు)తో నడుపుతున్నాను. కరెంటు ఇవ్వగానే రెక్క ఎగిరిపడుతోంది. వాలేటప్పుడు ఒక్క ఊపున పడిపోతోంది. వానలు మొదలయ్యాక సగంలోనే ఆగిపోతోంది. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, పెరంబూర్, చెన్నై

జవాబు: ముందు సగంలో ఆగడం సంగతి చూడండి. మిగతా రెండూ ప్రోగ్రాంలో, వైరింగ్‌లో సర్దుకుంటాయి, ఇది మాత్రం చేతిపనితోనే పోవాలి. సిగ్నల్‌ని బోర్డు పైన, సర్వోని బోర్డు కింద విడివిడిగా బిగించి ఉంటారు. చెన్నై తేమకి ప్లైవుడ్ ఉబ్బుతుంది, వంగుతుంది. రెక్క ఇరుసు నుంచి, సర్వో లాగే తీగ తగిలించే కన్నం 2 మి.మీ. దూరంలో ఉంటే, 45 డిగ్రీలు వాలడానికి తీగ కదలాల్సింది 1.5 మి.మీ. మాత్రమే. అందులో అర మిల్లీమీటరు జరిగిందంటే మూడో వంతు పోయినట్టే.

అందుకని రెండింటినీ ఒకే లోహపు ముక్కకి బిగించాలి. 60 మి.మీ. పొడవున్న అల్యూమినియం ఎల్-పట్టీ తీసుకోండి. నిలువు భాగాన్ని రెండు చివరలా 12 మి.మీ. చొప్పున కత్తిరించి, మిగిలిన 36 మి.మీ.లో సర్వోని అడ్డంగా కూర్చోబెట్టండి. పై భాగం మీద సిగ్నల్ స్తంభం, దాని పక్కన తీగ దిగడానికి 2 మి.మీ. కన్నం. బోర్డులో 40 మి.మీ. చదరపు కన్నం కోసి, మొత్తాన్ని పైనుంచి దించి, రెండు చివరలా స్క్రూలు వేయండి. మిగిలిన సందుని అట్టతో మూసి బ్యాలాస్ట్ (పట్టాల కింది కంకర) చల్లితే ఏమీ కనబడదు. అన్నిటికన్నా పెద్ద లాభం, సర్దుబాటంతా బల్ల మీద పెట్టుకునే చేయొచ్చు. లేఅవుట్ కింద వెల్లకిలా పడుకుని అర మిల్లీమీటరు సవరించడం ఎవరి వల్లా కాదు.

తీగ 0.4 మి.మీ. ఫాస్ఫర్ బ్రాంజ్ అయితే మంచిది. గిటార్ ఉక్కు తీగ కూడా పనిచేస్తుంది కానీ సముద్రపు గాలికి తుప్పు పట్టి కన్నాల దగ్గర పట్టేస్తుంది. సర్వో దగ్గర తీగలో ఒక చిన్న ‘యు’ వంపు తప్పనిసరిగా పెట్టండి. సర్వో కాస్త ఎక్కువ తిరిగితే ఆ అదనపు లాగుడు వంపు భరిస్తుంది, రెక్క టంకం ఊడదు.

సర్వో చేతికి కేంద్రం నుంచి 4 మి.మీ. దూరంలో కన్నం వేసి తీగ తగిలిస్తే దాదాపు 22 డిగ్రీల తిప్పుడు సరిపోతుంది. చివరి కన్నంలో తగిలిస్తే ఏడెనిమిది డిగ్రీలకే పని అయిపోతుంది, అప్పుడు మెల్లగా నడపడానికి జాగా ఉండదు. రెక్క సగం వాలినప్పుడు సర్వో చెయ్యి తీగకి లంబంగా ఉండేలా అమర్చండి.

ఇక వేగం. డిగ్రీల్లో కాకుండా మైక్రోసెకన్లలో (సర్వోకి కోణం చెప్పే పల్స్ నిడివి) ఆదేశం ఇవ్వండి. ప్రతి 40 మిల్లీసెకన్లకి 10 మైక్రోసెకన్లు జరిపితే రెక్క వాలడానికి సుమారు ఒక సెకను పడుతుంది. తిరిగి అడ్డంగా లేచాక 30 మైక్రోసెకన్లు కిందికి, మళ్లీ పైకి, తర్వాత 10 కిందికి, పైకి కదిలించండి. అసలు సిగ్నల్‌లో రెక్క దాన్ని ఆపే అడ్డుకి తగిలి ఊగే ఊపు ఇదే, దీన్ని వదిలేయకండి.

ఎగిరిపడటానికి కారణం, నానో మేలుకునే లోపు సర్వోకి ఆదేశం వెళ్లే వైరు మీద అర్థంలేని పల్స్‌లు రావడం. ఆ వైరుకీ 5 వోల్టులకీ మధ్య 10 కిలోఓమ్ రెసిస్టర్ వేస్తే చాలావరకు తగ్గుతుంది. ప్రోగ్రాంలో ముందు రెక్క అడ్డంగా ఉండే విలువ రాసి, తర్వాతే సర్వోని అటాచ్ చేయండి. ఎప్పుడు కరెంటు ఇచ్చినా రెక్క అడ్డంగానే, అంటే ‘ఆగు’ స్థితిలోనే, మొదలవ్వాలి: అసలు సిగ్నల్‌లో తీగ తెగినా రెక్క తన బరువు అమరికతో ఆ స్థితికే వస్తుంది. సర్వోకి నానో 5 వోల్ట్ పిన్ నుంచి కరెంటు తీసుకోవద్దు. విడిగా 5 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్, దానికి అడ్డంగా 470 మైక్రోఫారడ్ కెపాసిటర్, రెండు సరఫరాల గ్రౌండ్ ఒకటిగా. ఈ సామానంతా రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది.

ప్రశ్న: పాత దక్షిణ భారత స్టేషన్ చేస్తున్నాను. విదేశీ రెడీమేడ్ సిగ్నళ్లు సరిపోతాయా? అవుటర్ (స్టేషన్‌కి వచ్చే రైలుకి మొదట ఎదురయ్యే ఆపు సిగ్నల్) ఎంత దూరంలో పెట్టాలి?
– ఓ పాఠకురాలు, విల్లివాక్కం, చెన్నై

జవాబు: బ్రిటిష్ లోయర్ క్వాడ్రంట్‌వి సరిపోతాయి. మన దగ్గరలాగే డ్రైవర్ చూపుకి రెక్క స్తంభానికి ఎడమవైపు ఉండి, కిందికి వాలుతుంది. జర్మన్‌వి వద్దు, వాటి రెక్క కుడివైపు ఉండి పైకి లేస్తుంది. బ్రిటిష్ అప్పర్ క్వాడ్రంట్‌వీ (రెక్క పైకి లేచేవి) సరిపోవు, వాటి రెక్క 45 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మన మల్టిపుల్ యాస్పెక్ట్ (రెండుకన్నా ఎక్కువ సూచనలుండే) పద్ధతిలో 45 అంటే కాషన్ (జాగ్రత్తగా వెళ్లు), పూర్తిగా నిలువుగా లేస్తేనే ప్రొసీడ్ (వెళ్లు).

అవుటర్‌కి రెండు యాస్పెక్టుల (ఆగు, వెళ్లు అనే రెండే సూచనల) పద్ధతిలో బ్లాక్ ఓవర్‌ల్యాప్ (సిగ్నల్ దాటాక రక్షణగా ఖాళీగా ఉంచే దూరం) 400 మీటర్లకి తగ్గకూడదు. హెచ్‌ఓలో అది 4.6 మీటర్లు, మన ఇళ్లలో కుదరదు. మీ దగ్గరున్న అతి పొడుగు రైలు అవుటర్‌కీ హోమ్‌కీ (అవుటర్ తర్వాత స్టేషన్ ముందుండే ఆపు సిగ్నల్) మధ్య పట్టేంత దూరం ఉంటే చాలు, కంటికి నిజంగానే అనిపిస్తుంది. వార్నర్ (ముందున్న సిగ్నళ్ల స్థితిని హెచ్చరించే రెక్క) కావాలంటే అదే స్తంభం మీద అవుటర్ రెక్క కింద పెట్టండి, దాని కొస చేపతోకలా చీలి ఉండాలి.

ప్రశ్న: రెక్క వాలాక ఆకుపచ్చ దీపం మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఎలా తగ్గించాలి?

జవాబు: తెల్ల ఎల్‌ఈడీ తీసేసి వార్మ్ వైట్ (పసుపు ఛాయ తెలుపు) 0603 (చాలా చిన్న సైజు ఎల్‌ఈడీ) వేయండి. కిరోసిన్ దీపం వెలుగు పసుపు కాబట్టి అసలు సిగ్నల్‌లో నీలం కలిసిన అద్దం వాడేవారు. మీరూ ఆకుపచ్చలో నీలం కలిపిన గ్లాస్ పెయింట్ పూయండి. 12 వోల్టుల సరఫరా అయితే 3.3 కిలోఓమ్ రెసిస్టర్‌తో మొదలుపెట్టండి. ఇంకా ఎక్కువనిపిస్తే 10 కిలోఓమ్ దాకా పెంచినా దీపానికేమీ కాదు.