ఆస్బెస్టాస్ దుమ్ము పీల్చాను.. ఎక్స్‌రే బాగుంటే సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 47. ఇరవై ఏళ్లుగా పాత భవనాలు కూల్చే పని చేస్తున్నా. ఆస్బెస్టాస్ రేకులు, పైపులు చాలానే కోశాను, పగలగొట్టాను. ముక్కుకు చేతిరుమాలు కట్టుకోవటం తప్ప వేరే జాగ్రత్తలేవీ తీసుకోలేదు. సిగరెట్లు కూడా తాగుతా. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. లోపలున్న దుమ్మును మందులతో బయటకు తీయొచ్చా? నా బట్టలు ఉతికే నా భార్యకూ ప్రమాదమేనా?

- ఓ పాఠకుడు

జవాబు: ఊపిరితిత్తుల్లోకి చేరిన ఆస్బెస్టాస్‌ను బయటకు తీసే మందు గానీ, శస్త్రచికిత్స గానీ లేవు. ఊపిరితిత్తులను శుభ్రం చేస్తామంటూ ఎవరైనా కషాయాలు, పొడులు అమ్మితే డబ్బు పోగొట్టుకోకండి. అలాగని ఇక చేసేదేమీ లేదని దిగులు పడొద్దు. మీ చేతుల్లో ఉన్నవి చాలానే ఉన్నాయి. వాటిలో మొదటిది సిగరెట్ మానేయటం. ఎందుకో వివరంగా చెబుతాను.

ఆస్బెస్టాస్ భూమిలో దొరికే ఖనిజం. కోసినప్పుడు, విరిచినప్పుడు కంటికి కనిపించనంత సన్నటి పోగులుగా చీలి, గాల్లో గంటల తరబడి తేలుతుంది. వాసన ఉండదు కాబట్టి పీలుస్తున్న సంగతే తెలియదు. మామూలు దుమ్ము చాలావరకు శ్వాసనాళాల్లోని జిగురుకు అంటుకుని కఫంతో వచ్చేస్తుంది. ఈ పోగులు మాత్రం ఊపిరితిత్తుల చివరనుండే గాలిగదుల దాకా వెళ్తాయి. అక్కడి రక్షణ కణాలు వీటిని మింగాలని చూస్తాయి గానీ పోగు వాటికన్నా పొడవుగా ఉంటే మింగటం సాధ్యం కాదు. దాంతో వాపు ప్రక్రియ ఏళ్ల తరబడి రగులుతూనే ఉంటుంది. మెత్తగా సాగాల్సిన ఊపిరితిత్తి క్రమంగా మచ్చకట్టి గట్టిపడుతుంది. దీన్నే ఆస్బెస్టోసిస్ అంటాం. ఆయాసం, పొడి దగ్గు దీని ప్రధాన లక్షణాలు. స్టెతస్కోప్ పెట్టి వింటే ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు వీపు కింది భాగంలో సన్నగా చిటపటమనే చప్పుళ్లు వినిపిస్తాయి. కొందరికి వేళ్ల చివర్లు ఉబ్బుతాయి కూడా.

దీనికి తోడు ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ ముప్పూ ఉంది. స్వరపేటిక, అండాశయ క్యాన్సర్లకూ ఆస్బెస్టాస్ కారణమవుతుంది. తెల్ల ఆస్బెస్టాస్‌తో భయం లేదని పనిచోట్ల చెబుతుంటారు. అది నిజం కాదు. అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది.

ఈ జబ్బులు వెంటనే బయటపడవు. ఆస్బెస్టోసిస్‌కు సాధారణంగా 10-20 ఏళ్లో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. మీసోథీలియోమా 30-40 ఏళ్ల తర్వాత కూడా రావొచ్చు. అందుకే ఇవాళ్టి ఎక్స్‌రే బాగుందని నిశ్చింతగా ఉండటానికి లేదు. పైగా తొలిదశ మార్పులు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. మీకు ఆయాసం ఉంది కాబట్టి ఛాతీ వైద్య నిపుణులను కలవండి. ఊపిరి ఎంత, ఎంత వేగంగా వదలగలరో చూసే స్పైరోమెట్రీ, ఊపిరితిత్తులు రక్తంలోకి ఆక్సిజన్‌ను ఎంత బాగా పంపుతున్నాయో చూసే డీఎల్‌సీఓ పరీక్ష, అవసరమైతే ఊపిరితిత్తులను మరింత స్పష్టంగా చూపే హెచ్ఆర్‌సీటీ స్కాన్ చేస్తారు. మీ ఆయాసానికి సిగరెట్లతో వచ్చే సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై గాలి సరిగా ఆడని జబ్బు) గానీ, గుండె సమస్య గానీ కారణం కావొచ్చు. వాటికి చికిత్స ఉంది కాబట్టి ఆలస్యం చేయొద్దు. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించీ అడగండి.

ఇక సిగరెట్. అమెరికాలో ఇన్సులేషన్ (వేడి పోకుండా పైపులు, గోడలకు ఆస్బెస్టాస్ వంటివి చుట్టే) పనివారి మీద చేసిన అధ్యయనం ఒకటి 1979లో వెలువడింది. ఈ రెండింటి జోలికీ వెళ్లని వారితో పోలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఆస్బెస్టాస్ మాత్రమే పీల్చినవారిలో సుమారు 5 రెట్లు, సిగరెట్లు మాత్రమే తాగేవారిలో 11 రెట్లు ఉండగా, రెండూ ఉన్నవారిలో 50 రెట్లు దాటాయి. పీల్చిన పోగులను వెనక్కి తీయలేం గానీ, సిగరెట్ మానేస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఏటేటా తగ్గుతూ వస్తుంది. మీసోథీలియోమాకు పొగతో సంబంధం లేదు, దానికి ఆస్బెస్టాస్ ఒక్కటి చాలు.

మీ భార్య విషయంలో మీ అనుమానం సరైనదే. భర్తల పని బట్టలు దులిపి ఉతికిన ఆడవాళ్లు మీసోథీలియోమా బారినపడిన ఉదంతాలు వైద్యంలో నమోదయ్యాయి. మీకున్నంత ముప్పు ఆమెకు ఉండదు. కానీ ఇక మీదట ఆ బట్టలు ఇంటికి తీసుకెళ్లొద్దు. పనిచోటే స్నానం చేసి, బట్టలు, చెప్పులు మార్చుకున్నాకే బయల్దేరండి. ఆమెకు లక్షణాలేవీ లేకపోతే హడావిడిగా స్కాన్లు అక్కర్లేదు. ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఈ విషయం చెబితే చాలు.

మీరు కొత్తగా పోగులు పీల్చకుండా ఉండటమూ అంతే ముఖ్యం. వీలైతే ఈ పని మారండి. మారేదాకా రేకులను పొడిగా కోయొద్దు, మరను అసలే వాడొద్దు. నీటితో తడిపి, పగలకుండా నిండుగా దించాలి. చీపురుతో ఊడవొద్దు. చేతిరుమాలు, సర్జికల్ మాస్కు ఈ పోగులను ఆపలేవు. ముఖానికి బిగుతుగా అతుక్కునే, అతి సన్నటి కణాలనూ ఆపే పీ100 రకం ఫిల్టర్ మాస్కు కావాలి. గడ్డం ఉంటే అదీ సరిగా అతకదు. కదపకుండా, చెక్కుచెదరకుండా ఉన్న రేకు నుంచి పోగులు పెద్దగా రాలవు. కాబట్టి భయపడి మీరే పీకేయటం ఇంకా ప్రమాదం.

కఫంలో రక్తం, వదలని ఛాతీనొప్పి, కారణం లేకుండా బరువు తగ్గటం, మూడు వారాలు దాటిన దగ్గు.. వీటిలో ఏది కనిపించినా వెంటనే వెళ్లండి. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు, ఎక్కడ, ఏ పని చేశారో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ఇరవై ఏళ్ల కిందటి పని గురించి డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి.